పిల్లలకు ఆడియో కథలు ఎంచుకోవడం: హైదరాబాద్ తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

స్కూల్ వ్యాన్ దగ్గర, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, పుస్తకాల షాపుల్లో ఈ సందేహాలే తిరిగి తిరిగి వస్తున్నాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాం. 2 నుంచి 8 ఏళ్ల పిల్లల కోసం రాసినవి ఇవి. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్నే విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఏ వయసు నుంచి ఆడియో కథలు వినిపించొచ్చు?

రెండేళ్లు నిండేదాకా రికార్డు చేసిన కథతో పెద్దగా పని లేదు. ఆ వయసులో పిల్లలు మాటలు నేర్చేది ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి దగ్గర. పెదాలు కదలడం చూస్తారు, మీరు ఆగినప్పుడు ఊ కొడతారు, దానికి మీరు బదులిస్తారు. స్పీకర్ ఈ పని చేయలేదు. జోలపాటలు, చేతులు తిప్పుతూ పాడే చిన్న పాటలు పెడితే తప్పేం లేదు, మీరూ గొంతు కలపండి. కథ అంటే మొదలు, మధ్య, ముగింపు ఉన్నది. దాన్ని పట్టుకోవడం చాలామంది పిల్లలకి మూడేళ్ల దగ్గర మొదలవుతుంది. అయిదేళ్ల వాడికి ఇప్పుడు మొదలుపెట్టినా ఆలస్యమేమీ కాదు.

ఇది కూడా స్క్రీన్ టైమ్ కిందకే వస్తుందా?

తెర ఆపి వినిపిస్తే రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది వయసు పిల్లలకు తెర అసలు వద్దు, 2 నుంచి 4 ఏళ్ల వాళ్లకు రోజుకి గంట మించకూడదు. కూర్చుని ఉండే సమయంలో పెద్దవాళ్లతో కలిసి పుస్తకాలు చూడటాన్ని, కథలు వినడాన్ని అదే పత్రం ప్రోత్సహిస్తుంది. అయితే ఫోన్ పిల్లాడి చేతిలోనే ఉండి, కథ వింటూ తెర మీద బొమ్మలు జరుపుతుంటే అది స్క్రీన్ టైమే. ఫోన్ అలమారా మీద పెట్టండి, శబ్దం బ్లూటూత్ స్పీకర్‌లోంచి రానివ్వండి.

బొమ్మ లేకుండా పిల్లలు అసలు వింటారా?

వింటారు. ఆకాశవాణిలో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి నడిపిన బాలానందం కార్యక్రమాన్ని తెలుగు పిల్లలు బొమ్మ లేకుండానే విన్నారు. ఇప్పటి పిల్లల చెవులూ అవే, అలవాటే వేరు. చేతులు ఖాళీగా ఉంటే వినడం కష్టం కాబట్టి రంగు పెన్సిళ్లో, బ్లాకులో, చపాతీ పిండి ముద్దో ఇవ్వండి. బొమ్మ వేసుకుంటూ వింటున్న పిల్లాడు వినడం లేదని అనుకోకండి. చాలాసార్లు వాడు వేస్తున్నది ఆ కథనే.

విని విని చదవడం మానేస్తారేమో?

ఒకటో తరగతి పిల్లాడు విని అర్థం చేసుకోగలిగే కథ పెద్దది, సొంతంగా చదవగలిగేది చాలా చిన్నది. గుణింతాలు, ఒత్తులు కూడబలుక్కునే రోజుల్లో చదువు నెమ్మదిగా సాగుతుంది, కథ రుచి తెలియదు. ఆ లోటును వినికిడి పూడుస్తుంది. మాటలు ముందే చెవికి తెలిసి ఉంటే, అచ్చులో కనబడినప్పుడు గుర్తుపట్టడం సులువు. అయితే వినడం వల్ల అక్షరాలు రావు. ఆ సాధన వేరే చేయించాల్సిందే, రోజుకి పది నిమిషాలైనా.

మా పాపది ఇంగ్లిష్ మీడియం, ఆడుకునేది హిందీలో. కథలు ఏ భాషలో పెట్టాలి?

ముందు మీ ఇంటి భాషలో పెట్టండి. ఇంగ్లిష్ బడిలో ఎలాగూ వస్తుంది, హిందీ అపార్ట్‌మెంట్ కింద ఆటల్లోనే వచ్చేస్తుంది. తెలుగు మాత్రం ఇంట్లో "తిన్నావా, స్నానం చేశావా, హోంవర్క్ అయిందా" దగ్గరే ఆగిపోతోంది. గుబురు, చెలమ, గంప, మసక వెలుతురు లాంటి మాటలు పిల్లల చెవిన పడేది కథల్లోనే. 2018 చట్టంతో తెలంగాణ బడుల్లో తెలుగు తప్పనిసరి అయింది. పాఠ్యపుస్తకంలో ఆ మాటలు తగిలినప్పుడు, విన్న పిల్లలకు అవి కొత్తగా అనిపించవు. తెలుగు బాగా తక్కువైతే ఇంగ్లిష్‌లో ఇప్పటికే తెలిసిన కథనే తెలుగులో వినిపించండి. కథ తెలుసు కాబట్టి మాటల అర్థం ఊహించుకుంటుంది.

## ఎంచుకునేటప్పుడు

పాపకి వినిపించే ముందు నేను ఏం చూసుకోవాలి?

అయిదు నిమిషాలు మీరు వినండి. కవర్ బొమ్మ, "3+" అనే ముద్ర, లైకుల సంఖ్య మీకు చెప్పని సంగతులు ఆ అయిదు నిమిషాలు చెబుతాయి.

వినేటప్పుడు ఫోన్ జేబులో పెట్టుకుని వంటగదిలో పని చేసుకోండి. పిల్లలు వినేది అలాంటి చోటే. ప్రెషర్ కుక్కర్, ఫ్యాన్ చప్పుళ్ల మధ్య మాట స్పష్టంగా తెలుస్తోందా? కథ నడుస్తుండగా వెనక సంగీతం మాటను మింగేస్తోందా? సంగీతం కథ మొదట్లో, సన్నివేశం మారినప్పుడు వస్తే బాగుంటుంది. మాటల కింద ఆగకుండా మోగితే చిన్నపిల్లలు రెండింటినీ విడదీసుకోలేరు, అలసిపోతారు.

తర్వాత పాత్రలు లెక్కపెట్టండి. మొదటి రెండు నిమిషాల్లోనే అయిదుగురి పేర్లు వస్తే నాలుగేళ్ల పిల్లకి ఎవరు ఎవరో తెలియదు, ముగ్గురు చాలు. కొత్త మాటలూ చూడండి. నిమిషానికి ఒకటీ రెండు తెలియని మాటలుంటే సందర్భాన్ని బట్టి పట్టుకుంటారు. వరసగా మూడు వాక్యాల్లో మూడు పడితే కథ తెగిపోతుంది. "అంతట ఆ మృగరాజు క్రోధావేశపరుడై" అని మొదలయ్యే కథ మంచిదే కావచ్చు, మూడేళ్ల పాప కోసం మాత్రం కాదు.

చివరి అర నిమిషం కూడా వినండి. ప్రకటన గాని, "సబ్‌స్క్రైబ్ చేయండి" అనే కేక గాని ఉండేది అక్కడే. నిద్రలోకి జారుకుంటున్న పిల్లని లేపేది అదే.

వయసుని బట్టి కథ ఎంతసేపు ఉండాలి?

మూడేళ్లకి 3 నుంచి 5 నిమిషాలు, నాలుగైదేళ్లకి 8 నుంచి 10, ఆరేళ్లకి 15 వరకు. ఏడెనిమిదేళ్ల వాళ్లు అధ్యాయాలుగా సాగే కథని రోజుకి 20, 25 నిమిషాల చొప్పున వారం పాటు వినగలరు. ఇవి మొదలుపెట్టడానికి కొలతలు మాత్రమే. గంట నిడివి ఉన్న "50 కథలు ఒకేసారి" ఫైళ్లు వద్దు. ఒక కథ అయ్యాక అయిందని తెలియాలి, కాసేపు నిశ్శబ్దం ఉండాలి. ఇంకోటి వెంటనే వచ్చి మీద పడితే మొదటిది మనసులో నిలవదు.

ఎలాంటి కథలు చెవికి బాగుంటాయి?

పుస్తకంలో బాగున్న ప్రతి కథా ఆడియోలో బాగుండదు. బొమ్మల పుస్తకాల్లో సగం కథ బొమ్మే చెబుతుంది. "అరె, అక్కడ ఎవరున్నారో చూడు!" అనే వాక్యం చెవికి ఏమీ చెప్పదు. చెవి కోసం పుట్టిన కథలు వేరు. ఏడు చేపల కథ గుర్తు చేసుకోండి. చేప ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డం, గడ్డిమోపు ఎందుకంటే ఆవు మేయలేదు, అలా అలా చీమ పుట్టలో వేలు దాకా వెళుతుంది. ప్రతి మెట్టులోనూ అదే ప్రశ్న, అదే లయ. మూడోసారికే పిల్లలు ముందుగా జవాబు చెప్పేస్తారు. ఎవరూ కంఠస్థం చేయించకుండానే ఒక కథ నూరేళ్లు నోటిమీద బతికిందంటే ఆ కట్టుబడే కారణం.

అందుకే నాలుగేళ్లలోపు వాళ్లకి మళ్ళీ మళ్ళీ వచ్చే మాట, పాటలాంటి పల్లవి, జంతువుల అరుపులు, లెక్కలో పెరిగే వస్తువులు ఉన్న కథలు వెతకండి. అయిదారేళ్ల వాళ్లకి తెలివితో గెలిచే కథలు పడతాయి. తెనాలి రామలింగడు, మర్యాద రామన్న, పంచతంత్రం కుందేలు. ఏడు దాటాక పొడుపు ముడి ఉన్న కథ పెట్టండి. విక్రమార్కుడికి బేతాళుడు చెప్పిన కథల్లా చివర్లో ప్రశ్న వేసేది అయితే ఇంట్లో పెద్ద వాదనే జరుగుతుంది. జరగనివ్వండి.

ఒకే గొంతు చదివింది మంచిదా, నాటకంలా చాలామంది చేసింది మంచిదా?

అయిదేళ్లలోపు ఒకే గొంతు. చదివే మనిషి పులికి కాస్త గొంతు తగ్గించి, చీమకి కాస్త పెంచితే చాలు. నాటకంలో "అంది కుందేలు" అన్న మాట ఉండదు, గొంతును బట్టే ఎవరో పోల్చుకోవాలి. ఆరేడేళ్లకి అది ఆటలా ఉంటుంది, నాలుగేళ్లకి గందరగోళం. ఇంకో సంగతి: పెద్దవాళ్లు పిల్లల గొంతును అనుకరిస్తూ ముద్దుముద్దుగా సాగదీసి చదివే కథలు చాలా ఉన్నాయి. పిల్లలు వాటితో త్వరగా విసుగెత్తిపోతారు. మామూలు గొంతుతో, తనకే ఆ కథ ఇష్టమన్నట్టు చదివేవాళ్లని వెతకండి.

కంప్యూటర్ గొంతుతో చదివించిన కథలు పెట్టొచ్చా?

మా మాట వద్దు అనే. తెలుగులో "వచ్చాడు" కీ "వచ్చాడా" కీ తేడా చివరి అచ్చులో, గొంతు లేవడంలో ఉంది. యంత్రం అక్షరం పలుకుతుంది గాని గొంతు లేపడం తరచూ మరచిపోతుంది. కొన్నిసార్లు ల-ళ, న-ణ కలిపేస్తుంది, పల్లవి వచ్చినప్పుడు లయ తప్పుతుంది, సంభాషణకీ వర్ణనకీ ఒకటే వేగం. మాట నేర్చే వయసులో పిల్లలు ఈ పలుకునే పట్టుకుంటారు. గుర్తుపట్టడం ఎలాగంటే, చాలావాటిలో ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించదు, నవ్వు రాసిన చోట "హ హ హ" అని చదువుతాయి.

కథలో భాష మా ఇంటి భాషలా లేదు. పాప అయోమయపడుతోంది, ఏం చేయాలి?

రికార్డయిన కథల్లో ఎక్కువ భాగం పుస్తకాల భాషలోనో కోస్తా జిల్లాల మాటలోనో ఉంటాయి. ఇంట్లో "పొద్దుగాల" అనే పాపకి "పొద్దున్నే" కొత్త. ఇంట్లో "కుందేలు" వినే బాబుకి "చెవులపిల్లి" కొత్త. కథ మొదలుపెట్టే ముందు అలాంటి మూడు నాలుగు మాటలు మీ మాటలో చెప్పండి: "ఇందులో చెవులపిల్లి వస్తది, అంటే మన కుందేలే". అర నిమిషం పని. ఇంటి మాట తప్పనీ కథలో మాట ఒప్పనీ మాత్రం ఎప్పుడూ అనకండి. వీలైతే తెలంగాణ మాటలో చెప్పిన కథలు కొన్నైనా వెతికి కలపండి. తమ నాయనమ్మ మాట స్పీకర్‌లోంచి వస్తే పిల్లల ముఖాలు వెలిగిపోతాయి.

పాత కథల్లో రాక్షసులు, సవతి తల్లి, కొట్టుకోవడం ఉంటాయి కదా. వినిపించొచ్చా?

రాక్షసుడితో ఇబ్బంది తక్కువ. అతను చివరికి ఓడిపోతాడని పిల్లలకు తెలుసు. ఇబ్బంది పెట్టేది శబ్దాలు: హఠాత్తుగా అరుపు, తలుపు దబ్బున మూసుకోవడం, ఏడుపు. బొమ్మలో భయపడితే కళ్లు మూసుకోవచ్చు, చెవులకి ఆ వీలు లేదు. అలాంటివి పగటిపూట, మీరు పక్కన ఉన్నప్పుడే పెట్టండి. ఒంటి రంగుని, కులాన్ని, అవిటితనాన్ని ఎగతాళి చేసే కథలైతే పక్కన పడేయండి, ఎంత పాతవైనా సరే. సవతి తల్లి కథ మీ ఇంటి పరిస్థితిని బట్టి మీరే నిర్ణయించుకోవాలి.

## ఎక్కడ దొరుకుతాయి

తెలుగులో ఉచితంగా మంచి కథలు ఎక్కడ?

ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగులో వందల బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి. నాలుగు స్థాయిలుగా విడదీశారు: మొదటి స్థాయి 250 మాటల లోపు, రెండోది 600 వరకు, మూడోది 1500 వరకు. అచ్చు కథలే కదా అనుకోకండి. అవి చదివి రికార్డు చేసుకునే హక్కు కూడా క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఇస్తుంది, రచయిత, బొమ్మలు వేసినవారు, ప్రచురణకర్తల పేర్లు, లైసెన్సు చెబితే చాలు. మొదటి స్థాయి కథ నిదానంగా చదివితే మూడు నిమిషాలు. పుస్తకం చేతిలో ఉంచుకుని వినాలంటే తార్నాకలోని మంచి పుస్తకం ప్రచురణలు చూడండి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఏడాది చివర్లో వచ్చే బుక్ ఫెయిర్‌లో కూడా పిల్లల తెలుగు పుస్తకాలు దొరుకుతాయి.

యూట్యూబ్‌లో పెడితే సరిపోదా?

కథలు అక్కడ కుప్పలుగా ఉన్నాయి, మంచివీ ఉన్నాయి. మూడు చిక్కులు. ఉచిత ఖాతాలో ఫోన్ తెర ఆపితే శబ్దమూ ఆగిపోతుంది. మధ్యలో ప్రకటన కథ కన్నా గట్టిగా వస్తుంది. ఆటోప్లే మీరు ఎంచుకోని దాన్ని తెచ్చి పెడుతుంది. తప్పనిసరైతే ముందు మీరు విన్న పది కథలతో ప్లేలిస్ట్ చేయండి, ఆటోప్లే ఆపండి, ఫోన్ బోర్లా పెట్టండి. ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ పిన్నింగ్, ఐఫోన్‌లో గైడెడ్ యాక్సెస్ ఆన్ చేస్తే పిల్లలు వేరే యాప్‌లోకి పోలేరు.

డబ్బు కట్టి యాప్ తీసుకోవాలా?

ఉచిత గడువులో పరీక్షించాకే. మొదటి రోజే మూడు చూడండి: తెలుగులో పిల్లల విభాగం నిజంగా ఎంత పెద్దది (చాలా యాప్‌లలో తెలుగంటే పెద్దల సీరియళ్లే), డౌన్‌లోడ్ చేసి నెట్ లేకుండా వినొచ్చా, నిద్ర టైమర్ ఉందా. యాప్ తీసేస్తే చందా ఆగిపోదు. ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్‌లోని సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి రద్దు చేయాలి. యూపీఐ ఆటోపే పెట్టి ఉంటే మీ యూపీఐ యాప్‌లో ఆ మ్యాండేట్ (డబ్బు తనంతట తనే కట్ అయ్యే అనుమతి) కూడా తీసేయండి. గడువు ముగియడానికి రెండు రోజుల ముందు ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి.

ఊళ్లో ఉన్న అమ్మమ్మ గొంతుతో కథలు రికార్డు చేయాలి. ఎలా?

ఇంతకన్నా మంచి ఆడియోబుక్ బజారులో దొరకదు. మంచాలు, పరుపులు, బట్టలు ఉన్న చిన్న గది ఎంచుకోండి, ఖాళీ హాల్లో గొంతు మారుమోగుతుంది. ఫ్యాన్, కూలర్ ఆపండి, ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాకుండా కాస్త పక్కగా ఉంచండి. ఎదురుగా పెడితే "ప", "బ", "భ" అన్నప్పుడు గాలి కొట్టి టప్ టప్ మంటుంది. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా చెప్పించవద్దు, శబ్దం బాగా కుదించుకుపోతుంది. ఫోన్‌లోని రికార్డర్‌లో చేసి, ఆ ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపమనండి. తడబడితే ఆపకుండా ఆ వాక్యం మళ్ళీ చెప్పమనండి, తర్వాత కత్తిరించుకోవచ్చు. పక్కన ఊ కొట్టే ఒక మనిషిని కూర్చోబెట్టండి. ఊ కొట్టేవాళ్లు లేకపోతే అమ్మమ్మలు కథని మూడు వాక్యాల్లో ముగించేస్తారు.

## వినిపించేటప్పుడు

రెండు నిమిషాలకే లేచి వెళ్లిపోతున్నాడు. ఇష్టం లేదనా?

కావచ్చు, కాకపోవచ్చు. ముందు కథ నిడివి సగానికి తగ్గించి చూడండి. వేగం 0.9కి పెట్టండి, 0.8 కన్నా తగ్గిస్తే గొంతు సాగిపోయి వికారంగా ఉంటుంది. ఆకలి, నిద్ర ముంచుకొచ్చే వేళ, టీవీ ఆపిన వెంటనే మొదలుపెట్టకండి. మొదటి మూడు రోజులూ మీరు పక్కన కూర్చుని వినండి. అయినా లేచిపోతే గొంతు మార్చండి, అదే కథ ఇంకొకరు చెబితే కూర్చునే పిల్లలు చాలామంది. బలవంతం చేస్తే మాత్రం కథలంటేనే ముఖం తిప్పేస్తారు.

నెల నుంచి ఒకటే కథ అడుగుతోంది. మార్చాలా?

వద్దు. మొదటిసారి ఏం జరుగుతుందో వింటుంది, అయిదోసారి ఎందుకో పట్టుకుంటుంది, పదోసారి ఆ మాటలు తనవవుతాయి. మీకు విసుగొస్తే కొత్త కథని పాత కథకి ముందు పెట్టండి.

నిద్రపుచ్చడానికి వాడొచ్చా?

వాడొచ్చు, ఇప్పటికే విన్న కథ అయితే. కొత్త కథ తర్వాతేమవుతుందో అని మేలుకుని ఉంచుతుంది. టైమర్ 15 నిమిషాలకి పెట్టండి. స్పీకర్ తలగడ పక్కన కాకుండా గదికి అవతలి వైపు ఉండాలి. నిద్రలో వైరు మెడకి చుట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఇయర్‌ఫోన్లు అసలు వద్దు.

హెడ్‌ఫోన్స్ పెట్టొచ్చా? వాల్యూమ్ ఎంత?

ఇంట్లో అవసరం లేదు, మూడేళ్లలోపు ఎక్కడా వద్దు. పిల్లలు 75 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకి మించి వినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగితే సురక్షితమైన సమయం సగమవుతుంది. చాలా పిల్లల హెడ్‌ఫోన్ల మీద రాసే "85 డెసిబెల్స్ పరిమితి" దీనికన్నా ఎక్కువే, దాన్ని చూసి నిశ్చింతగా ఉండకండి. చేతి దూరం నుంచి మామూలు గొంతుతో పేరు పెట్టి పిలవండి. పలకకపోతే శబ్దం ఎక్కువైనట్టే. మెట్రోలో, బస్సులో చుట్టూ రొద ఉంటుంది కాబట్టి అందరూ వాల్యూమ్ పెంచేస్తారు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా 29 కిలోమీటర్లు వెళ్లేటప్పుడు దారంతా పెట్టకుండా, సగం దూరం కిటికీలోంచి చూడనివ్వండి.

పెన్‌డ్రైవ్‌లో వేసి కారులో పెడితే కథలు తారుమారుగా వస్తున్నాయి, కొన్ని అసలు రావట్లేదు. ఎందుకు?

పేర్ల ముందు 1, 2, 10 అని పెడితే చాలా స్టీరియోలు 1 తర్వాత 10 పాడతాయి. 01, 02, 10 అని రాయండి. కొన్ని స్టీరియోలు పేరుని పట్టించుకోకుండా కాపీ చేసిన వరసలో పాడతాయి. వాటికి ఫైళ్లు ఒక్కొక్కటిగా వరసలో కాపీ చేయాలి. తెలుగులో పెట్టిన పేర్లు తెర మీద డబ్బాలుగా కనిపిస్తే ఇంగ్లిష్ అక్షరాల్లో మార్చండి. అసలు పాడకపోతే ఫోన్ రికార్డరు ఇచ్చిన ఎం4ఏ ఫైల్ అయి ఉండొచ్చు, ఎంపీ3గా మార్చండి. 64 జీబీ, ఆపై పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో వస్తాయి, దాన్ని పాత స్టీరియోలు చదవలేవు. 8 జీబీది తీసుకుని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. మాటలే ఉన్న కథకి ఎంపీ3 నాణ్యత 64 కేబీపీఎస్, మోనో (ఒకే చానెల్) చాలు, గంటకి 29 ఎంబీ అవుతుంది, అంటే 8 జీబీలో 250 గంటలకు పైగా పడతాయి.

ఎంత పెట్టినా "ఇంకా గట్టిగా" అంటున్నాడు. అలవాటేనా?

అలవాటని వదిలేయకండి. పిలిస్తే పలకకపోవడం, "ఆ? ఏంటి?" అని మళ్ళీ మళ్ళీ అడగడం, స్పీకర్‌కి చెవి ఆనించడం కూడా తోడైతే వినికిడి పరీక్ష చేయించండి. జలుబు తర్వాత చెవి లోపల నీరు చేరడం, గుమిలి గట్టిపడటం పిల్లల్లో మామూలే, రెండింటికీ చికిత్స ఉంది. బడ్స్ పెట్టి మీరే తీయకండి, గుమిలి ఇంకా లోపలికి పోతుంది. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో పిల్లల వినికిడి పరీక్షిస్తారు. పరీక్ష అయ్యేదాకా వాల్యూమ్ పెంచకుండా, స్పీకర్‌ని వాడి దగ్గరికి జరిపి, ఫ్యాన్ వేగం తగ్గించి వినిపించండి.